రైతుబజార్, ఆర్గానిక్ షాపు, వారం బుట్ట, ఏడాది బియ్యం: వైజాగ్‌లో మీ ఇంటికి ఏది కుదురుతుంది?

మందులు కొట్టని కూరగాయలు, పిండికట్టలు (రసాయన ఎరువుల బస్తాలు) వేయకుండా పండించిన బియ్యం విశాఖలో ఎక్కడ దొరుకుతాయని అడిగేవాళ్లు ఈ మధ్య బాగా పెరిగారు. చిన్నపిల్లలున్న ఇళ్లు, షుగర్ వచ్చాక తిండి మీద దృష్టి పెట్టినవాళ్లు, ఊళ్లో సొంత పంట తిని పెరిగి ఇప్పుడు ఫ్లాట్లలో ఉంటున్నవాళ్లు అందరూ మొదట అడిగేది ఒకటే: వీటిలో నిజంగా స్వచ్ఛమైనది ఏది?

అడగాల్సిన ప్రశ్నే అది. అయితే దాని ఒక్కదాని మీదే ఎంపిక చేస్తే చాలామంది చివరికి ఖరీదైన ప్యాకెట్ దగ్గర ఆగిపోతారు. దాంతోపాటు ఇంకో రెండు అడగాలి. మనం ఇచ్చిన డబ్బులో పండించిన మనిషికి ఎంత చేరుతోంది? వచ్చే పంటకు కూడా మనం కొంటామన్న ధైర్యంతో ఆయన విత్తనం వేసుకోగలడా? నా దృష్టిలో అన్నిటికంటే బరువైనది ఈ చివరిదే. మందులు మానేసిన రైతుకు మొదటి రెండు మూడేళ్లు దిగుబడి తగ్గవచ్చు, కలుపు కూలి పెరగవచ్చు. అంత కష్టపడి పండించినది మార్కెట్‌కు వెళ్తే మందులు కొట్టిన సరుకుతో కలిసిపోయి అదే రేటుకు పోతుంది. అలాంటి రైతులు చాలామంది వెనక్కి వెళ్లేది పురుగుకు భయపడి కాదు, మందులు లేని పంటగా గుర్తించి కొనేవాళ్లు లేక. కాబట్టి ఈ పోలికలో ప్రతి దారినీ ఈ మూడు ప్రశ్నలతోనే చూస్తాను.

మన చుట్టూ ఏం పండుతుంది

ఈ విషయంలో వైజాగ్ అదృష్టమైన ఊరు. ఆనందపురం, పద్మనాభం, భీమిలి, పెందుర్తి వైపు కూరగాయలు, ఆకుకూరలు. సబ్బవరం, కె.కోటపాడు, చోడవరం దాకా వెళ్తే వరి, చెరకు, అపరాలు. అనకాపల్లిలో దేశంలోనే పేరున్న బెల్లం మార్కెట్. ఘాట్ ఎక్కితే పాడేరు, అరకు, చింతపల్లి కొండల్లో పసుపు, మిరియాలు, కాఫీ, రాజ్‌మా, సామలు, చోళ్లు (రాగులు), తేనె. మైదానం, మెట్ట, ఏజెన్సీ మూడూ ఇంత దగ్గరగా ఉన్న పెద్ద నగరాలు తక్కువ. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీశాక కాగితం మీద ఇవి విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలుగా వేరయ్యాయి గానీ, తిండి విషయంలో ఇదంతా ఒకటే ప్రాంతం.

ఇంకో అదృష్టం, రాష్ట్రంలో 2016 నుంచి రైతు సాధికార సంస్థ నడుపుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం. పొదుపు సంఘాల మహిళల ద్వారా ఊరూరా జీవామృతం, ఘనజీవామృతం (ఆవు పేడ, మూత్రంతో చేసే ఎరువులు), నవధాన్యాల సాగు (అసలు పంటకు ముందు రకరకాల విత్తనాలు కలిపి చల్లడం) నేర్పించిన ఈ పనికి 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ బహుమతి కూడా వచ్చింది, మరో ఇద్దరితో కలిపి. ఇలా పండించే రైతు కోసం మనం దేశమంతా వెతకక్కర్లేదని చెప్పడానికే ఇదంతా. గంట ప్రయాణంలో ఉన్నారు.

అన్నీ దగ్గర్లోనే దొరకాలని పట్టుబట్టడం మాత్రం కుదరదు. ఉల్లి కర్నూలు నుంచో మహారాష్ట్ర నుంచో రావాలి, బంగాళాదుంప చాలావరకు బయటి నుంచే రావాలి, మన దగ్గర టమాటా లేని నెలల్లో మదనపల్లె టమాటా రావాలి. దగ్గర్లో పండేదాన్ని దగ్గర్లో కొంటే చాలు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఊళ్లో ఉన్నవాళ్లకు ఆ తర్వాతి వారం గుర్తుండే ఉంటుంది. రోడ్లు మూసుకుపోయాయి, కరెంటు లేదు, పాలకూ కూరగాయలకూ జనం అల్లాడిపోయారు. అందుకే దగ్గరి రైతులు కావాలని అంటుంటారు. నిజమే, కానీ అది సగమే. ఆ గాలికి మన చుట్టుపక్కల అరటి తోటలు, కూరగాయల పందిళ్లు కూడా నేలమట్టమయ్యాయి. దగ్గర్లో ఉన్నంత మాత్రాన రైతు మనల్ని తుపాను నుంచి కాపాడలేడు. ఆయన మళ్లీ పందిరి వేసుకునేదాకా వదిలిపోని కొనుగోలుదారులు ఉంటే రెండు వైపులా నిలబడతారు. ఏ దారి ఎంచుకున్నా ఈ ఒక్క పరీక్ష పెట్టి చూడండి: పంట పోయిన ఏడాది ఈ పద్ధతిలో రైతుకు ఏమవుతుంది?

రైతుబజార్

1999 జనవరి 26న మొదలైన రైతుబజార్లు మన ఊరికి బాగా అలవాటైపోయాయి. ఎం.వి.పి. కాలనీ, సీతమ్మధార, కంచరపాలెం, గోపాలపట్నం, నరసింహనగర్, వీటిలో ఏదో ఒకటి మీ ఇంటికి అందుబాటులోనే ఉంటుంది. రైతుకు కార్డు ఇస్తారు, రేటు పొద్దున్నే బోర్డు మీద రాస్తారు, దళారి లేకుండా డబ్బు నేరుగా రైతు చేతికి వస్తుంది. మన మొదటి రెండు ప్రశ్నల్లో డబ్బు సంగతికి ఇది మంచి జవాబు.

స్వచ్ఛత సంగతి వేరు. రైతుబజార్ అంటే రైతు అమ్మేది, అంతే. మందులు లేనిదని అర్థం కాదు. ప్రకృతి సాగు చేసేవాళ్లకు ప్రత్యేకంగా స్టాల్ ఉంటే దాని మీద ఆ బోర్డు ఉంటుంది. మీ బజార్‌లో ఉందో లేదో అక్కడి ఆఫీసులో అడిగితే చెప్తారు, లేకపోతే పెట్టమని అడగండి కూడా. కొనేవాళ్లు పదిమంది అడిగితే తేడా ఉంటుంది.

కార్డు ఒకరిది, అమ్మేది ఇంకొకరు అనే ఫిర్యాదు కూడా వినిపిస్తుంటుంది. గుర్తుపట్టడం అంత కష్టం కాదు. పొలం నుంచి వచ్చినవాళ్ల దగ్గర నాలుగైదు రకాలే ఉంటాయి, అవీ ఆ కాలంలో కాసేవే. కాయలు చిన్నా పెద్దా కలిసి ఉంటాయి, ఆకుకూర వేళ్లకు మట్టి ఉంటుంది. క్యారెట్, బీట్‌రూట్, క్యాప్సికంతో సహా పదిహేను రకాలు ఒకే సైజులో పేర్చి ఉంటే అది మార్కెట్‌లో కొని తెచ్చిన సరుకు. మీది ఏ ఊరని అడగండి, ఇప్పుడు చేలో ఇంకా ఏముందని అడగండి. సొంత పంట అమ్ముకునే మనిషి ఈ మాటకు ఆనందంగా జవాబు చెప్తుంది.

రైతుబజార్‌లో ఉన్న లోటు మన మూడో ప్రశ్న దగ్గర బయటపడుతుంది. అక్కడ మనం ఎవరికీ మాట ఇవ్వం. వాన పడితే వెళ్లం, ఆ రోజు ఆకుకూర వాడిపోతే నష్టం అమ్మే రైతమ్మదే. దీనికి చిన్న ఉపాయం ఉంది. ప్రతి వారం ఒకే మనిషి దగ్గర కొనండి. ఫోన్ నంబరు తీసుకోండి, వచ్చే వారం ఏం తెస్తున్నారో కనుక్కోండి, "రెండు కట్టలు తోటకూర నాకు పక్కన పెట్టమ్మా" అని చెప్పండి. డబ్బు ఖర్చు లేని పని ఇది. మూడు నెలలు ఇలా చేస్తే ఆ పంటకు ఏం కొడుతున్నారో, ఏం కొట్టడం లేదో ఆమే దాచకుండా చెప్తుంది.

ప్యాకెట్, షాపు

సూపర్ మార్కెట్లలోనూ యాప్‌లలోనూ దొరికే ఆర్గానిక్ ప్యాకెట్లకు ఒక పెద్ద బలం ఉంది. వాటి వెనక చట్టం ఉంది. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2017లో ఆర్గానిక్ ఆహారానికి నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం ఆర్గానిక్ అని రాసి అమ్మే ప్యాకెట్‌కు రెండు పద్ధతుల్లో ఏదో ఒక సర్టిఫికెట్ ఉండాలి. ఒకటి ఎన్‌పీఓపీ, అంటే బయటి సంస్థ వచ్చి పొలం తనిఖీ చేసి ఇచ్చేది. ఇందులో మందుల సాగు నుంచి ఆర్గానిక్‌కు మారే కాలం ఏటేటా వేసే పంటలకు రెండేళ్లు, మామిడి, కాఫీ లాంటి తోటలకు మూడేళ్లు. రెండోది పీజీఎస్ ఇండియా. ఇందులో కనీసం ఐదుగురు రైతులు గుంపుగా చేరి ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకుంటారు. మారే దశలో ఉంటే పీజీఎస్ గ్రీన్, పూర్తిగా మారాక పీజీఎస్ ఆర్గానిక్ గుర్తు వాడతారు. ప్యాకెట్ మీద ప్రభుత్వ ఆర్గానిక్ గుర్తు ("జైవిక్ భారత్" లాంటిది), సర్టిఫికెట్ వివరాలు ఉన్నాయో లేదో చూడండి. అవేమీ లేకుండా ఆకుపచ్చ ఆకు బొమ్మ వేసి "నేచురల్", "ఫార్మ్ ఫ్రెష్" అని రాసి ఉంటే దానికి ఎక్కువ డబ్బు ఇవ్వాల్సిన పనిలేదు.

ఈ నిబంధనల్లోనే మనకు పనికొచ్చే ఇంకో సంగతి ఉంది. చిన్న రైతు, రైతుల సంఘం తమ పంటను నేరుగా తినేవాళ్లకు అమ్మితే ఈ సర్టిఫికెట్ తప్పనిసరి కాదు. అంటే షాపు ప్యాకెట్ మీద గుర్తు లేకపోవడం అనుమానించాల్సిన విషయం, పద్మనాభం రైతు సంచి మీద గుర్తు లేకపోవడం కాదు. ఈ తేడా తెలియక చాలామంది సంచిని అనుమానించి ప్యాకెట్‌ను నమ్ముతున్నారు. బాధ కలిగించే విషయం ఇది.

ప్యాకెట్‌తో ఇబ్బంది ఏమిటంటే అది ఎక్కడి పంటో తెలియదు, తెలిసినా చాలాసార్లు ఎక్కడో దూరాన ఉంటుంది. మనం ఇచ్చేదాంట్లో ప్యాకింగ్, గోడౌన్, రవాణా, ప్రకటన అన్నీ పోగా రైతుకు మిగిలేది తక్కువ. మన ప్రాంతంలో పండని కందిపప్పు రకాలో, గోధుమపిండో అయితే ప్యాకెట్ తీసుకోండి. మన పక్కనే పండే బియ్యం, బెల్లం, పసుపు కూడా ప్యాకెట్‌లోనే కొనడం నాకు నచ్చదు.

ఊళ్లోని చిన్న ఆర్గానిక్ షాపులు ఈ రెండింటికీ మధ్యలో ఉంటాయి, వాటి మధ్య తేడాలూ ఎక్కువే. కొందరు నడిపేవాళ్లు ప్రతి బస్తా వెనకున్న రైతు పేరు చెప్తారు, పంట కాలంలో పొలానికి తీసుకెళ్తారు, రైతుకు కొంత ముందే ఇస్తారు. అలాంటి షాపు మీ పేటలో ఉంటే వదులుకోకండి. మీకు పొలం దాకా వెళ్లే తీరిక లేకపోతే మీ బదులు ఆ పని ఆ షాపు చేస్తుంది, దానికి కాస్త ఎక్కువ తీసుకోవడం న్యాయమే. ఇంకొన్ని షాపులు పైకి మట్టికుండలు, గోనె సంచులు పెట్టి లోపల ఎక్కడెక్కడి సరుకో అమ్ముతాయి. ఒక షాపులో "ఈ దేశవాళీ బియ్యం ఏ ఊరివండీ" అని అడిగితే డిస్ట్రిబ్యూటర్ పేరు చెప్పారు. ఊరు పేరు ఎంత అడిగినా రాలేదు. షాపును ఎంచుకోవడానికి నేను పెట్టే పరీక్ష ఇంతే: మూడు సరుకులు చూపించి మూడు ఊళ్ల పేర్లు అడగండి. డబ్బు రైతుకు ఎన్ని రోజుల్లో చేరుతుందో కూడా అడగండి, సరుకు అమ్ముడయ్యాక ఇస్తామనే షాపు తన రిస్కును రైతు మీదకు తోస్తున్నట్టే.

వారం బుట్ట

అపార్ట్‌మెంట్‌లోనో వీధిలోనో పది పదిహేను ఇళ్లవాళ్లు కలిసి ఒకరిద్దరు రైతులతో మాట్లాడుకుని వారం వారం కూరగాయలు తెప్పించుకోవడం ఇది. ఒక వాట్సాప్ గ్రూపు, లెక్క చూసే మనిషి ఒకరు, సరుకు దించుకోవడానికి వాచ్‌మన్ గది పక్కన కాస్త చోటు ఉంటే మొదలుపెట్టవచ్చు. మూడు ప్రశ్నలకూ మంచి జవాబు ఇవ్వగల పద్ధతి. ఎక్కువగా ఆగిపోయే పద్ధతి కూడా ఇదే, అందుకే కొంచెం వివరంగా చెప్తాను.

మొదటి చిక్కు రవాణా. ఆనందపురం అవతల నుంచి ఆటో రావడానికి 800 రూపాయలు అవుతుందనుకుందాం. పది ఇళ్లయితే ఒక్కో ఇంటి మీద 80 పడుతుంది, ఇరవై ఐదు ఇళ్లయితే 32. ఎనభై రూపాయల బరువును ఏ కూరగాయల బుట్టా ఎక్కువ కాలం మోయలేదు. కాబట్టి కనీసం ఇరవై ఇళ్లు కుదిరాకే మొదలుపెట్టండి, లేదా పక్క అపార్ట్‌మెంట్‌తో కలపండి. దూరం నుంచి వచ్చే అల్లం, కంద, గుమ్మడి లాంటి వాడిపోనివి ఆర్టీసీ కార్గోలో వేయించుకోవచ్చు. ఆకుకూరలకు మాత్రం మన ఊరి ఉక్కపోతలో అది పనికిరాదు.

రెండో చిక్కు, బుట్టలో ఏముండాలి అనేది. రైతు చేలో ఏది కాస్తే అది తెస్తాడనుకుంటే ఆయనకు హాయి, మనకు మూడు వారాలు వరసగా ఆనపకాయ. ఎవరికి కావాల్సినవి వాళ్లు ఎంచుకుంటామంటే మనకు హాయి, ఆయన చేలో మిగిలినవి ముదిరిపోతాయి. మధ్యే మార్గంగా బుట్టలో మూడు రకాల కూరలు, రెండు ఆకుకూరలు రైతు ఇష్టానికి వదిలేసి, మిగతా ఒకటి రెండు మనం ఎంచుకునేలా పెట్టుకోవడం మంచిది. వర్షాకాలంలో బీర, పొట్ల, కాకర, ఆగాకర, చలికాలంలో చిక్కుడు, కాలీఫ్లవర్, టమాటా, ఎండాకాలంలో దోస, బెండ, ములక్కాడ వస్తాయని గ్రూపులో అందరికీ ముందే చెప్పి ఉంచితే సణుగుడు తగ్గుతుంది. కార్తీక మాసంలో కూరగాయల వాడకం పెరుగుతుంది, ఆ సంగతి రైతుకు వర్షాకాలంలోనే చెప్పాలి, అప్పుడే ఆయన అందుకు తగ్గట్టు విత్తనం వేసుకుంటాడు.

అసలైన చిక్కు వేసవి సెలవులు. పిల్లలకు సెలవులివ్వగానే సగం ఇళ్లు ఊళ్లకు వెళ్తాయి, ఆర్డర్లు సగమవుతాయి. మే నెల ఎండలో నీళ్లు మోసి కాపాడిన బెండకాయ కొనేవాళ్లు లేక మిగిలిపోతుంది. ఒక గ్రూపు నిలబడుతుందో లేదో అక్కడ తెలుస్తుంది. మొదటి రోజే ఒక నియమం పెట్టుకోండి: ఊరెళ్లినా బుట్ట రద్దు కాదు. పక్కింటివాళ్లకో, పనమ్మాయికో, దగ్గర్లోని వృద్ధాశ్రమానికో ఇచ్చేయండి. డబ్బు నెల మొదట్లోనే కట్టేయాలి. ఈ రెండు నియమాలకు ఒప్పుకోని ఇంటిని మొహమాటపడి చేర్చుకోవద్దు.

గ్రూపులో లెక్క చూసే మనిషికి ఎంతో కొంత ఇవ్వాలన్నది కూడా నా మాట. ఉచితంగా చేస్తున్నారు కదా అని అన్నీ ఒకే గృహిణి మీద పడేస్తే ఆరు నెలల్లో ఆమె విసిగిపోతుంది, ఆమెతోపాటు బుట్టా ఆగిపోతుంది.

వారానికి సరిపడా అన్నీ ఇలా తీసుకోలేకపోతే ఏవి ముందు? వంకాయ, బెండ, క్యాబేజీ, కాలీఫ్లవర్, పచ్చిమిర్చి. పురుగు ఎక్కువగా పట్టేవి, మామూలు సాగులో మందులు ఎక్కువగా పడేవి ఇవే. కంద, చేమ, పనస, ములక్కాడ, అరటికాయ, గుమ్మడి లాంటి వాటి మీద మందుల వాడకం తక్కువ. వాటిని రైతుబజార్‌లో మామూలు రైతు దగ్గరే నిశ్చింతగా కొనుక్కోవచ్చు.

ఏడాది బియ్యం: నేను ముందు దీన్నే సూచిస్తాను

ఆర్గానిక్ వైపు రావాలనుకునే ఇళ్లన్నీ టమాటాతో మొదలుపెడతాయి. బియ్యంతో మొదలుపెట్టండి. వాడిపోవు, వారం వారం ఆటో అక్కర్లేదు, రోజూ అందరం తినేది అదే, రైతుకు పెద్ద మొత్తం ఒక్కసారి చేరుతుంది. ఒక ఇల్లు ఒక్క నిర్ణయంతో రైతుకు చేయగల సాయం ఇంతకంటే పెద్దది నాకు కనిపించలేదు.

లెక్క చూడండి. నలుగురున్న ఇంటికి నెలకు 25 కిలోలు, ఏడాదికి 300 కిలోల బియ్యం. ధాన్యం మర ఆడిస్తే నూటికి 65 కిలోల బియ్యం వస్తాయనుకుంటే 460 కిలోల ధాన్యం కావాలి, అంటే 75 కిలోల బస్తాలు ఆరు పైచిలుకు. ఆ ధాన్యాన్ని రైతు 2025–26 మద్దతు ధరకు, అంటే సాధారణ రకానికి క్వింటాలు 2,369 రూపాయల లెక్కన అమ్మితే 10,900 దాకా వస్తుంది. కల్లంలోనే వ్యాపారికి ఇచ్చేస్తే ఆ మాత్రం కూడా రాకపోవచ్చు. అదే బియ్యంగా చేసి మీకు కిలో 65 రూపాయలకు ఇచ్చాడనుకుందాం, 19,500. మర కూలి, గోనెలు, బండి కలిపి 3,000 పోయినా 16,500 మిగులుతుంది. షాపులో ఆర్గానిక్ అని రాసి ఉన్న బియ్యం కంటే మీకూ తక్కువకే పడే అవకాశం ఎక్కువ. ఎకరానికి 20 బస్తాలు పండితే మీలాంటి మూడిళ్లు కలిసి ఒక ఎకరాన్ని ఏడాదంతా నిలబెట్టగలవు. మూడిళ్లు! అపార్ట్‌మెంట్‌లో ఒక్క అంతస్తు చాలు.

రకం గురించి ఒక మాట. నల్ల బియ్యం, నవారా, మాపిళ్లై సాంబ లాంటి దేశవాళీలకు ఇప్పుడు మోజు ఎక్కువ. అవి మంచివే, కానీ రోజూ తినే ఇంటికి శ్రీకాకుళం సన్నాలో, సాంబ మసూరో ప్రకృతి పద్ధతిలో పండించినవి సరిపోతాయి. రైతుకు అలవాటైన రకం, విత్తనం దొరికే రకం, మన మరల్లో ఆడే రకం. దేశవాళీలు వారానికి రెండు పూటలకు పెట్టుకోండి.

ఇబ్బందులూ ఉన్నాయి. సింగిల్ పాలిష్ బియ్యానికి తవుడు ఉంటుంది కాబట్టి త్వరగా పురుగు పడుతుంది, ముక్క వాసన వస్తుంది. 300 కిలోలు ఒకేసారి తెచ్చి వంటింట్లో పెట్టుకోవద్దు. ధాన్యంగానే రైతు ఇంట్లో ఉంచి రెండు నెలలకోసారి మర ఆడించి పంపమనండి, అలా దాచినందుకు బస్తాకు ఇంత అని ఇవ్వండి. కొత్త బియ్యం అన్నం ముద్దవుతుంది, సంక్రాంతికి ఇంటికొచ్చిన ధాన్యాన్ని ఉగాది దాటాక తినడం మొదలుపెడితే బాగుంటుంది. డబ్బులో మూడో వంతు నాట్ల సమయంలో, మూడో వంతు కోతలప్పుడు, మిగతాది బియ్యం వస్తున్నకొద్దీ ఇచ్చేలా మాట్లాడుకుంటే ఇద్దరికీ భారం ఉండదు. తుపానుకు చేను పడిపోతే ముందు ఇచ్చినది తర్వాతి పంటకు జమ అని ఒక కాగితం మీద రాసుకోండి. డబ్బు పోతుందేమోనన్న టెన్షన్ మీకు ఉంటుంది, అడగడానికి ఆయనకు మొహమాటం ఉంటుంది. కాగితం రెండింటినీ తీర్చేస్తుంది.

ఇదే పద్ధతి బెల్లానికీ పనికొస్తుంది. చలికాలం గానుగల సమయంలో ఏడాదికి సరిపడా తీసుకోవచ్చు. పసుపుపచ్చగా మెరిసే బెల్లంలో రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలిపే అవకాశం ఉంది కాబట్టి నల్లబెల్లం మంచిదని అందరూ అంటారు. అంతవరకు సరే. కానీ రంగు చెరకు రకాన్ని బట్టీ నేలను బట్టీ కూడా మారుతుంది, నల్లగా ఉన్నంత మాత్రాన ఆ చెరకుకు యూరియా వేయలేదని కాదు. బెల్లం రంగు చూసి సరిపెట్టుకోకుండా చెరకు ఎలా పండిందో అడగండి.

కొండ సరుకు

పసుపు, మిరియాలు, కాఫీ, తేనె, చింతపండు, కుంకుడుకాయలకు సులువైన దారి గిరిజన సహకార సంస్థ. 1956లో పుట్టిన ఈ ప్రభుత్వ సంస్థ ప్రధాన కార్యాలయం మన ఊళ్లోనే ఉంది, దుకాణాలూ ఉన్నాయి. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అరకు, పాడేరు వైపు వెళ్లినప్పుడు వారపు సంతలో కొంటే డబ్బు నేరుగా పండించినవాళ్లకే చేరుతుంది, సామలు, చోళ్లు, రాజ్‌మా అక్కడ మంచివి దొరుకుతాయి. సంతలో బేరమాడవద్దు. తెల్లవారకముందే కొండ దిగి నెత్తి మీద మోసుకొచ్చిన సరుకు అది. కొండ మీద పండింది కాబట్టి మందులు ఉండవని మాత్రం కళ్లు మూసుకుని నమ్మకండి, అక్కడ కూడా అడిగే కొనాలి.

మేడ మీద కుండీల తోట గురించి కూడా అడుగుతుంటారు. కరివేపాకు, పుదీనా, తోటకూర, నాలుగు టమాటా మొక్కలకు బాగుంటుంది, పిల్లలకు పంట అంటే ఏమిటో తెలుస్తుంది. తప్పకుండా పెట్టుకోండి. అయితే అది రైతుకు బదులు కాదు, ఈ పోలికలోకి రాదు.

ఎవరికి ఏది

ఇద్దరే ఉండి ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో వారం బుట్ట వృథా అవుతుంది. వాళ్లకు మంచి షాపు ఒకటి, ఆదివారం రైతుబజార్‌లో తెలిసిన మనిషి ఒకరు చాలు. నలుగురైదుగురు ఉండి ఇంట్లో రోజూ వండే కుటుంబానికి ఏడాది బియ్యం, బెల్లం ముందు, అవి కుదిరాక వారం బుట్ట. జీతం సరిపెట్టుకుంటూ బతికే ఇల్లు అయితే దేనికీ రెండింతలు పెట్టనక్కర్లేదు. రైతుబజార్‌లో ఒకే రైతు దగ్గర కొనడం, కాలంలో వచ్చేవే తినడం, వంకాయ, బెండ లాంటి నాలుగు రకాలు మాత్రం ప్రకృతి సాగు స్టాల్‌లో తీసుకోవడం సరిపోతుంది. పెళ్లిళ్లు, హాస్టళ్లు, క్యాంటీన్లు నడిపేవాళ్లు ఇది చదువుతుంటే మీకు ఒక ప్రత్యేకమైన మనవి. మీ ఒక్క ఆర్డరు వంద ఇళ్లతో సమానం. అన్నీ మార్చలేకపోతే ఒక్క బియ్యమో, ఒక్క మజ్జిగ మిరపకాయో మార్చండి.

రైతు దొరకడం ఎలా అంటే, మీకు ఊరితో సంబంధం ఉంటే అక్కడి రైతు సేవా కేంద్రంలో ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లెవరని అడగండి. లేకపోతే జిల్లా ప్రకృతి వ్యవసాయ విభాగం వాళ్లను అడిగితే దగ్గరి గ్రామాలు చెప్తారు. తర్వాత ఒక్కసారి పొలం చూడండి. పిల్లల్ని తీసుకెళ్లండి. గట్ల మీద కంది, ఆముదం, చేను అంచున బంతి, ఒకే మడిలో రెండు మూడు పంటలు, నీడలో జీవామృతం డ్రమ్ము, గత్తం (పశువుల ఎరువు) కుప్ప కనిపిస్తే మంచి గుర్తులు. కాలువ పక్కన ఖాళీ మందు డబ్బాలు పడి ఉంటే అవి ఎవరివో అడగండి, పక్క చేనువాళ్లవి కూడా అయి ఉండవచ్చు. పక్క చేలో కొట్టే మందు గాలికి ఇటు పడకుండా ఏం చేస్తున్నారో కూడా కనుక్కోండి.

"మీది పూర్తి ఆర్గానికేనా?" అని మాత్రం అడగొద్దు. ఔననే చెప్తారు. "పోయినేడాది వంగకు కాయ తొలిచే పురుగు వచ్చినప్పుడు ఏం చేశారు?" అని అడగండి. నిజంగా చేసే రైతు పుచ్చు కాయలు ఏరి పారేశామనో, లింగాకర్షక బుట్టలు (మగ పురుగులను ఆకర్షించి పట్టేవి) పెట్టామనో, నీమాస్త్రం, అగ్నాస్త్రం లాంటి వేప కషాయాలు కొట్టామనో, అయినా సగం పోయిందనో చెప్తాడు. సగం పోయిందని చెప్పగలిగే రైతునే నేను ఎంచుకుంటాను. రేటు అడిగే ముందు ఆ పోయిన సగం గుర్తు పెట్టుకోండి.

ఖరీఫ్‌కు ఏ రకం వేయాలి, ఎన్ని మళ్లు ప్రకృతి పద్ధతికి వదలాలి అన్నది రైతు తొలకరికి ముందే తేల్చుకుంటాడు, నవధాన్యాలు చల్లేది కూడా అంతకుముందే. సంక్రాంతికి వెళ్లి బియ్యం అడిగితే అప్పటికి మిగిలినవే దొరుకుతాయి. ఏప్రిల్, మే నెలల్లో వెళ్లి మీ ఇంటికి ఎన్ని బస్తాలు కావాలో చెప్పి, మొదటి మొత్తం చేతిలో పెట్టి రండి.